అన్ని పాపాలూ సర్వర్‌వేనా?

సాలూరు బస్టాండు పరిసరాల్లో ఏ ఆన్‌లైన్ సెంటరుకు వెళ్లినా జూన్, జులై నెలల్లో ఒకటే తొక్కిడి. కాలేజీ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్పులు, కుల ధ్రువపత్రాలు, పరీక్ష ఫీజులు. పాచిపెంట నుంచో మక్కువ నుంచో పొద్దున్నే బయల్దేరి వచ్చిన తండ్రీ కూతుళ్లు సెంటరు కుర్రాడి పక్కన కూర్చుని ఒక్కో గడీ నింపిస్తారు. ఆధార్ అంకెలు, బ్యాంకు ఖాతా, పుట్టిన తేదీ, ఫొటో అన్నీ ఎక్కాయి. చివర ‘సబ్మిట్’ నొక్కారు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కారు. ఎర్ర అక్షరాల హెచ్చరిక లేదు, గిరగిరా తిరిగే చక్రం లేదు, పేజీ ఎక్కడిదక్కడే ఉంది. ‘ఏటయినాది నాయనా?’ అని తండ్రి అడిగితే కుర్రాడి దగ్గర జవాబు సిద్ధం. ‘సర్వర్ డౌన్ బాబాయ్. రేపు రండి.’

రేపు వస్తే మళ్లీ బస్సు చార్జీ, మళ్లీ ఒక రోజు కూలి. పోనీ వచ్చినా పనవుతుందన్న నమ్మకం లేదు. ఎందుకంటే చాలాసార్లు ఆ బొత్తం నొక్కినప్పుడు సర్వర్‌కు కబురే వెళ్లదు. సర్వర్ బాగానే ఉంటుంది, నెట్టూ బాగానే ఉంటుంది. పని ఆగిపోయింది కుర్రాడి ముందున్న బ్రౌజరులో, ఆ పేజీతో పాటు దిగిన జావాస్క్రిప్ట్ అనే కోడులో. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నింద మాత్రం ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ మీద పడుతుంది. దాంతో వచ్చే నష్టం చిన్నది కాదు. సర్వర్ డౌన్ అనుకున్నాక ఇంక ఎవరూ ఏమీ వెతకరు. ఫిర్యాదు చెయ్యరు. సైటు చేసినవాడికి తన పేజీ ఫలానా ఫోనులో చచ్చిపోతోందని ఏళ్ల తరబడి తెలియనే తెలియదు.

సర్వర్లు పడిపోవని కాదు. లారీలకు, లారీ బాడీలు కట్టే షెడ్లకు పేరుపడ్డ సాలూరుకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. యాభై వేల రూపాయలకు మించిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు ఉండి తీరాలని 2018 ఫిబ్రవరి 1న అమలు మొదలుపెట్టారు. మొదటి రోజే పోర్టల్ భారం మోయలేక కూలబడింది. ప్రభుత్వం వెనక్కి తగ్గి గడువు పొడిగించి, చివరికి ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. అది నిఖార్సైన సర్వర్ సమస్య. దేశంలో అందరికీ ఒకేసారి వచ్చింది, కంప్యూటరు మార్చినా ఫోను మార్చినా పోలేదు.

బ్రౌజరులో వచ్చే జబ్బు తీరు వేరు. ఒక ఫోనులో వస్తుంది, పక్క ఫోనులో రాదు. కంప్యూటరులో అయ్యే పని సెల్లులో కాదు. పేరు ఇంగ్లిషులో రాస్తే ఫారం కదులుతుంది, తెలుగులో రాస్తే మొరాయిస్తుంది. నిన్నటిదాకా పనిచేసిన పేజీ సైటుకు తాళం గుర్తు వచ్చిన మర్నాటి నుంచి పనిచెయ్యదు. ఈ తేడా పట్టుకోవడానికి ఇంజినీరింగ్ చదవాల్సిన పని లేదు. పక్కవాడి ఫోను ఒక్క నిమిషం అడిగి తీసుకుంటే చాలు.

జావాస్క్రిప్ట్ పుట్టుకే ఒక హడావిడి. 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దాని తొలి రూపం రాసిచ్చాడు. తర్వాత పదేళ్లలో వెబ్‌సైట్లకు అది తప్పనిసరి అయింది కానీ, ఒక్కో బ్రౌజరు దాన్ని ఒక్కో రకంగా అర్థం చేసుకునేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు ఒక రకంగా, ఫైర్‌ఫాక్స్‌కు ఇంకో రకంగా రాయాల్సి వచ్చేది. 2006 జనవరిలో న్యూయార్క్‌లో జాన్ రెసిగ్ బయటపెట్టిన జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఆ బాధ తీర్చింది. ఒకసారి రాస్తే అన్ని చోట్లా నడిచేది. అందుకే ఇరవై ఏళ్లు అవుతున్నా, కొత్త కుర్రాళ్లు దాన్ని పాతచింతకాయ పచ్చడి అని తీసిపారేస్తున్నా, ప్రపంచంలో దాదాపు డెబ్బై శాతం వెబ్‌సైట్లు ఇప్పటికీ దాన్ని మోస్తూనే ఉన్నాయి.

తెలుగువాళ్లకు దీంతో ఉన్న చుట్టరికం కాస్త దగ్గరిదే. జేక్వెరీ వచ్చిన రోజుల్లోనే వీవెన్ తెచ్చిన ‘లేఖిని’ జావాస్క్రిప్ట్‌తో నడిచే పేజీ. వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ దాని లోపలి ఇంజను. ఇంగ్లిషు కీబోర్డు మీద కొట్టి తెలుగులో రాయడం ఎన్ని వేల మందికి అక్కడే అలవాటైందో లెక్కలేదు. తెలుగు వికీపీడియాలో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోకుండా నేరుగా తెలుగు టైపు చేయగలుగుతున్నారంటే దాని వెనక ఉన్నది వికీమీడియా భాషా ఇంజినీర్లు చేసిన జేక్వెరీ.ఐఎంఈ. కాబట్టి స్క్రిప్టు అంటేనే గొడవ అనడం అన్యాయం. చక్కగా రాసిన స్క్రిప్టు భాషనే నెట్‌లోకి తెచ్చింది. గొడవంతా రాసి వదిలేసిన స్క్రిప్టుతోనే.

ఆ గొడవ ఎక్కడుందో చూడటానికి ఒక చోటు ఉంది. సెంటరులోని కంప్యూటరులో ఎఫ్12 మీట నొక్కితే పేజీ పక్కన ఒక అర తెరుచుకుంటుంది. అందులో ‘కన్సోల్’ అన్న భాగంలో ఎర్ర అక్షరాలతో లోపం రాసి ఉంటుంది, ఏ ఫైలులో ఎన్నో వరసలో వచ్చిందో కూడా ఉంటుంది. ‘నెట్‌వర్క్’ అన్న భాగంలో బ్రౌజరు ఏమేం తెప్పించుకుంది, ఏది రాలేదు అన్నది జాబితాగా ఉంటుంది. సబ్మిట్ నొక్కినప్పుడు ఈ రెండో చోట కొత్త వరస ఒక్కటీ రాకపోతే సర్వర్‌కు కబురు పోలేదన్నమాట. వరస వచ్చి దాని పక్కన 500 అనో 503 అనో ఉంటే అప్పుడు నిజంగా సర్వరే దోషి. 404 ఉంటే అడిగిన ఫైలు అక్కడ లేదు. ఈ నాలుగు ముక్కలు తెలిసిన కుర్రాడు ‘సర్వర్ డౌన్’ అనే మాట సగానికి సగం తగ్గిస్తాడు.

ఎక్కువగా కనిపించే ఎర్ర వరస ‘డాలర్ ఈజ్ నాట్ డిఫైన్డ్’. జేక్వెరీకి డాలర్ గుర్తు పొట్టిపేరు. ఆ పేరు ఎవరిదో తెలియడం లేదని బ్రౌజరు మొర. అంటే జేక్వెరీ ఫైలు రాలేదు, లేదా దాన్ని వాడుకునే స్క్రిప్టు దానికంటే ముందే నడిచింది. రాకపోవడానికి కారణాలు భలే మామూలువి. సైటును తన ల్యాప్‌టాపులో తయారుచేసినవాడు ఫైలుకు పెద్ద అక్షరంతో పేరు పెట్టి, పేజీలో చిన్న అక్షరంతో పిలిచి ఉంటాడు. విండోస్ రెండూ ఒకటే అనుకుని సర్దుకుపోతుంది. సైటు ఎక్కిన లినక్స్ సర్వర్ మాత్రం అలాంటి ఫైలు లేదంటుంది. ‘నా దగ్గర బాగానే పనిచేస్తోందండీ’ అని డెవలపరు ప్రమాణం చేసి చెప్పేది నిజమే, అతని దగ్గర బాగానే పనిచేస్తుంది.

ఇంకో కారణం తాళం గుర్తు, అంటే భద్రమైన హెచ్‌టీటీపీఎస్ పద్ధతి. 2018 జులైలో వచ్చిన క్రోమ్ 68 నుంచి హెచ్‌టీటీపీఎస్ లేని సైట్లన్నిటికీ ‘నాట్ సెక్యూర్’ ముద్ర పడటం మొదలైంది. దాంతో చిన్నా పెద్దా సంస్థలన్నీ హడావిడిగా హెచ్‌టీటీపీఎస్‌కు మారాయి. పేజీ మారింది కానీ, పేజీ లోపల జేక్వెరీని పిలిచే చిరునామా పాత హెచ్‌టీటీపీ పద్ధతిలోనే ఉండిపోయింది. భద్రమైన పేజీలోకి భద్రం కాని స్క్రిప్టును బ్రౌజరు రానివ్వదు. సైటు గుమ్మానికి కొత్త తాళం పడింది, సొంత స్క్రిప్టే బయట ఉండిపోయింది. ఒక్క అక్షరం చేరిస్తే తీరే సమస్య ఇది.

ఇలాంటివి వెతికే పద్ధతి సాలూరు లారీ మెకానిక్కును చూసి నేర్చుకోవచ్చు. బండి లాగడం లేదంటే అతను ఇంజనంతా ఒకేసారి విప్పెయ్యడు. ఎత్తెక్కేటప్పుడు లాగలేదా, చదునులో కూడా లాగలేదా అని అడుగుతాడు. ఫిల్టరు తీసి చూస్తాడు, మళ్లీ స్టార్టు చేయిస్తాడు. అది కాదని తేలాక పైపు. పేజీ విషయంలోనూ అంతే. ముందు కాష్ ఖాళీ చేసి పేజీ తాజాగా తెప్పించాలి, ఎందుకంటే పాత స్క్రిప్టు బ్రౌజరులో దాగి ఉండి కొత్త పేజీతో పేచీ పెట్టుకోవడం రోజూ జరిగే సంగతే. తర్వాత వేరే బ్రౌజరు, వేరే నెట్. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. నాలుగు ప్లగిన్లు ఒకేసారి తీసేసి, థీమ్ మార్చి, జేక్వెరీ కొత్తది పెట్టి ‘ఇప్పుడు పనిచేస్తోంది’ అనేవాడికి ఏది తప్పో తెలియదు. అదే తప్పు మళ్లీ వస్తుంది.

జేక్వెరీ కొత్తది పెట్టడమే కొన్నిసార్లు గోరుచుట్టు మీద రోకటిపోటు. 2013 జనవరిలో వచ్చిన 1.9 కూర్పులో పాత పద్ధతులు కొన్ని పీకేశారు. ‘లైవ్’ అన్న ఆదేశం పోయింది, బ్రౌజరు పేరు అడిగే సౌకర్యం పోయింది. 2016లో 3.0 వచ్చినప్పుడు మరికొన్ని పోయాయి. అప్పటి ఒక లోపం తమాషాగా ఉంటుంది. పేజీ పూర్తిగా దిగాక ఫలానా పని చెయ్యి అని చెప్పడానికి పాత సైట్లలో ‘లోడ్’ అనే ఆదేశం వాడేవారు. 3.0లో ఆ అర్థం తీసేసి, వేరే పేజీ ముక్కను తెచ్చి అతికించడం అన్న రెండో అర్థం ఒక్కటే ఉంచారు. ఇప్పుడు జేక్వెరీ అక్కడ చిరునామా కోసం చూస్తుంది, దొరికేదేమో ఒక ఫంక్షను. కన్సోల్‌లో మాత్రం ‘ఇండెక్స్‌ఆఫ్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్’ అని వస్తుంది. సైటు రాసినవాడు తన కోడంతా గాలించినా ఆ ఇండెక్స్‌ఆఫ్ ఎక్కడా కనపడదు, అది జేక్వెరీ కడుపులో ఉంది కాబట్టి. ఒక్క పూటలో తీరాల్సింది వారం పట్టేది ఇలాంటి చోటే.

ఈ కథ ప్రపంచమంతా ఒకేసారి చూసింది 2020 ఆగస్టులో. ఆ నెల 11న విడుదలైన, సైట్లు కట్టే సాఫ్ట్‌వేరు వర్డ్‌ప్రెస్ 5.5, పాత ఆదేశాలను కొత్త జేక్వెరీతో రాజీ చేసే ‘జేక్వెరీ మైగ్రేట్’ అనే ముక్కను తీసేసింది. తెల్లారేసరికి వేల సైట్లలో మెనూలు తెరుచుకోలేదు, ఫొటోలు జరగలేదు, ఫారాలు వెళ్లలేదు. సైటు యజమానుల్లో చాలామందికి తమ సైటులో జేక్వెరీ ఉందన్న సంగతే అప్పుడు తెలిసింది. ఆ ముక్కను తిరిగి తెచ్చే తాత్కాలిక ప్లగిన్‌ను లక్షకు పైగా సైట్లు ఎక్కించుకున్నాయి. డిసెంబరులో 5.6తో జేక్వెరీ 3.5.1కి మారింది. తాత్కాలికం పేరుతో పెట్టిన ప్లగిన్లు శాశ్వతమైన సైట్లు మన జిల్లాల్లో స్కూళ్లవి, కాలేజీలవి, గుళ్లవి ఎన్నో ఉంటాయి.

జిల్లాల మాట వచ్చింది కాబట్టి ఫారాల్లో జిల్లా ఎంచుకునే డ్రాప్‌డౌన్ గురించీ చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతవరకు విజయనగరం జిల్లాలో ఉన్న సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. గెజిటు ఒక్క రోజులో మారుతుంది. పేజీలో చేత్తో రాసి పెట్టిన జిల్లాల జాబితా ఎవరో ఒకరు తెరిచి మార్చాలి. జిల్లా ఎంచుకుంటే మండలాల జాబితా దానంతటదే నిండాలి, మండలం ఎంచుకుంటే గ్రామాలు రావాలి. ఇది జేక్వెరీ చేసే రోజువారీ పని, ఎక్కువగా చెడేదీ ఇదే. పైన జాబితా మార్చి కింద మార్చని పేజీలో ‘పార్వతీపురం మన్యం’ ఎంచుకుంటే మండలాల గడి ఖాళీగా వెక్కిరిస్తుంది. పిన్‌కోడు 535591 కొట్టగానే విజయనగరం అని చూపించే ఫారాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంక ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కొటియా గ్రామాలవాళ్లకు అసలు ఏ రాష్ట్రం ఎంచుకోవాలన్నదే ప్రశ్న. అది మాత్రం జావాస్క్రిప్ట్ తీర్చేది కాదు.

మండలాల గడి ఖాళీగా ఉండటానికి సాంకేతిక కారణం ఒకటి తరచూ ఉంటుంది. పేజీ తెరిచినప్పుడు ఉన్న గడులకే స్క్రిప్టు కాపలా పెడుతుంది. తర్వాత పుట్టిన గడులకు ఆ కాపలా ఉండదు. ‘మరో కుటుంబ సభ్యుణ్ని చేర్చు’ అని నొక్కితే వచ్చే కొత్త వరసలో జిల్లా మార్చినా మండలం మారదు, తొలగించు బొత్తం తొలగించదు. కాపలాను ఒక్కో గడికి కాక వాటన్నిటినీ కలిగిన పెద్ద పెట్టెకు పెట్టాలి. జేక్వెరీలో ‘ఆన్’ ఆదేశాన్ని ఎలా రాయాలో తెలిసినవాడికి ఇది ఒక్క వరస పని.

అన్నిటికంటే దుర్మార్గమైన లోపం మొరాయించనిది. ఫారం చక్కగా వెళ్లిపోతుంది, రసీదు వస్తుంది, పుట్టిన తేదీ మాత్రం ఒక రోజు వెనక్కి జరిగి ఉంటుంది. సాలూరులో ఒక అమ్మాయి 2007 ఆగస్టు 5 అని క్యాలెండరులో నొక్కింది అనుకుందాం. బ్రౌజరు దాన్ని మన కాలమానంలో ఆగస్టు 5 అర్ధరాత్రి పన్నెండు గంటలుగా గుర్తుపెట్టుకుంటుంది. సర్వర్‌కు పంపేటప్పుడు స్క్రిప్టు దాన్ని అంతర్జాతీయ కాలమానంలోకి మారుస్తుంది. మనం ఐదున్నర గంటలు ముందున్నాం కాబట్టి అది ఆగస్టు 4 సాయంత్రం ఆరున్నర అవుతుంది. సర్వర్ గంటలు కోసేసి తేదీ ఒక్కటే ఉంచుకుంటుంది. ఆగస్టు 4. అమెరికాలో కూర్చుని ఈ కోడు పరీక్షించినవాడికి తప్పు కనపడదు, అక్కడి గడియారం వెనక ఉంది కాబట్టి అర్ధరాత్రికి గంటలు కలిపినా తేదీ అదే ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో 5, ఫారంలో 4. తర్వాత ఆ అమ్మాయి ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాలో ఎక్కుతుంది. పుట్టిన తేదీకి గంటలు నిమిషాలు ఎందుకు? రోజు, నెల, ఏడాది మూడు అంకెలుగా పంపితే సరిపోతుంది.

దీని తోబుట్టువు ఇంకొకటి ఉంది. 05/08 అని చేత్తో కొడితే జావాస్క్రిప్ట్ అమెరికా పద్ధతిలో మే 8 అని చదువుతుంది. 13/08 అని కొడితే పదమూడో నెల లేదు కాబట్టి ‘ఇన్‌వాలిడ్ డేట్’ అంటుంది. పన్నెండో తేదీ దాకా పుట్టినవాళ్లకు నిశ్శబ్దంగా తప్పు, ఆ తర్వాత పుట్టినవాళ్లకు ఎర్రగా తప్పు. మన్యం జిల్లా పుట్టిన 04/04 ఎటు చదివినా ఒకటే, దానికి ఈ గండం లేదు.

తెలుగు అక్షరాల దగ్గరకు వస్తే సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. మనం శ్రీకాకుళం అనే పేరులో నాలుగు అక్షరాలు లెక్కపెడతాం. జావాస్క్రిప్ట్ పది అంటుంది. హల్లు, పొల్లు, గుడి, కొమ్ము, సున్న ఒక్కోటి దానికి ఒక్కో లెక్క. సాలూరు మనకు మూడు, దానికి ఆరు. పార్వతీపురం మనకు ఐదు, దానికి పదకొండు. పది అక్షరాలు మించకూడదని గడికి హద్దు పెట్టినచోట పార్వతీపురం రాయబోతే చివరి సున్న దిగదు, ‘పార్వతీపుర’ దగ్గరే ఆగిపోతుంది. పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలని పెట్టే తనిఖీ ఇంకా విచిత్రం. ఏ నుంచి జెడ్ దాకా ఒప్పుకునేది తెలుగును గుమ్మంలోనే ఆపేస్తుంది. కాస్త చదువుకున్న డెవలపరు యూనికోడ్ అక్షరాలన్నీ ఒప్పుకునే నియమం రాస్తాడు. అదీ ఫెయిలే, ఎందుకంటే యూనికోడ్ లెక్కలో మన గుణింతపు గుర్తులు అక్షరాల జాబితాలో లేవు, గుర్తుల జాబితాలో ఉన్నాయి. ‘స’ వెళుతుంది, ‘సా’ ఆగిపోతుంది. గుర్తులను కూడా ఒప్పుకోమని చెప్పాలి. తెలుగు అక్షరాలను దాదాపు మనలాగే లెక్కపెట్టే సెగ్మెంటరు అనే పరికరం ఇప్పుడు పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఉంది. 2024లో ఫైర్‌ఫాక్స్ కూడా తెచ్చుకుంది. వాడేవారే కావాలి.

ఇంక సెల్లు. సాలూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటర్నెట్ అంటే సెల్లే. దానికి ఎఫ్12 మీట లేదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ కీబోర్డు ఏ మీట నొక్కినా చాలాసార్లు స్క్రిప్టుకు ఒకటే సంఖ్య చెబుతుంది, 229. అంకెలే ఒప్పుకో, అక్షరాలు వద్దు అని మీట సంఖ్య చూసి తేల్చే పాత స్క్రిప్టులన్నీ అక్కడ గుడ్డివైపోతాయి. రాసినవాడు కంప్యూటరు ముందు కూర్చుని రాశాడు, వాడేవాడు గట్టు మీద నిలబడి వాడుతున్నాడు. కొండెక్కే దారిలో సిగ్నలు ఒక గీతకు పడిపోయినప్పుడు పేజీ వచ్చి స్క్రిప్టు సగంలో ఆగిపోతే బొత్తం ఉంటుంది, దానికి ప్రాణం ఉండదు. లేదా ప్రాణం ఉండీ జవాబు ఆలస్యమవుతుంది. మనిషి రెండోసారి నొక్కుతాడు, ఫీజు రెండుసార్లు పోతుంది. మొదటి నొక్కుకే బొత్తాన్ని నిద్రపుచ్చి, ‘పంపుతున్నాం, ఆగండి’ అని తెలుగులో చూపించి, రెండో కబురు వచ్చినా సర్వర్ దాన్ని గుర్తుపట్టి వదిలేసేలా రాయడం కష్టమేమీ కాదు.

స్క్రిప్టు అందకపోవడం ఏదో మారుమూలల బాధ అనుకునేవాళ్లు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు చేసిన లెక్క చూడాలి. 2013లో వాళ్లు తమ సైటుకు వచ్చినవారిని పరిశీలిస్తే 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ పనిచెయ్యలేదు. అందులో దాన్ని కావాలని ఆపుకున్నవాళ్లు, అసలు పనిచెయ్యని బ్రౌజరు వాడేవాళ్లు 0.2 శాతమే. మిగిలిన 0.9 శాతానికి పనిచెయ్యాలి, చెయ్యలేదు. నెట్ మధ్యలో తెగడం, ఆఫీసు ఫైర్‌వాల్ ఆపడం, దారిలో ఇంకెవరో వేలు పెట్టడం లాంటి కారణాలు ఎన్నో ఉంటాయి. ఆ వేలు పెట్టడం మన దేశంలోనే బయటపడింది. 2015 జూన్‌లో బెంగళూరు ప్రోగ్రామరు తేజేశ్ జీఎన్ తన సొంత సైటును ఎయిర్‌టెల్ 3జీలో చూస్తుంటే తాను రాయని స్క్రిప్టు పేజీలో కనిపించింది. ఆ సంగతి బయటపెట్టినందుకు ఆ స్క్రిప్టు తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ ఫ్లాష్ నెట్‌వర్క్స్ నుంచి లీగల్ నోటీసు వచ్చింది. డేటా ఎంత వాడారో వినియోగదారులకు చెప్పడానికే పెట్టామని ఎయిర్‌టెల్ సర్దిచెప్పింది. 2024 ఫిబ్రవరిలో చేతులు మారిన పాలీఫిల్ అనే పంపకపు చిరునామా, దాన్ని నమ్ముకున్న లక్షకు పైగా సైట్లలోకి దొంగ స్క్రిప్టు పంపుతోందని జూన్‌లో బయటపడింది. ఊరూ పేరూ తెలియని చోటి నుంచి స్క్రిప్టులు తెప్పించుకునే బదులు జేక్వెరీ ఫైలును సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఈ తలనొప్పుల్లో సగం రావు. కుదించి పంపితే అది ముప్పై కిలోబైట్ల చిల్లర, వాట్సాప్‌లో వచ్చే ఒక శుభోదయం బొమ్మకు సరిపోదు.

ఇవన్నీ విని జేక్వెరీని తీసి గట్టు మీద పెట్టి, అంతా కొత్త ఫ్రేమ్‌వర్కుల్లో తిరగరాయాలనేవాళ్లు ఉంటారు. బ్రిటన్ ప్రభుత్వ సైటు 2022లో జేక్వెరీని వదిలించుకుంది, మేలే జరిగింది. కానీ వాళ్లకు ఆ సైటును రోజూ చూసుకునే జట్టు ఉంది. మన దగ్గర సైటు కట్టడానికి టెండరు ఉంటుంది, కట్టాక చూసుకోవడానికి మనిషి ఉండడు. రాసిన కుర్రాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఇంకో కంపెనీలో ఉంటాడు. ఆ స్థితిలో తేదీని ఒక రోజు వెనక్కి జరిపే తప్పు కొత్త ఫ్రేమ్‌వర్కులోకీ భేషుగ్గా ప్రయాణిస్తుంది. పాతదనం కాదు జబ్బు, పట్టించుకోకపోవడం. ఇంకో చిత్రం. పేజీలో ఏదీ పనిచెయ్యని సైటులో కూడా రైట్ క్లిక్కును ఆపే స్క్రిప్టు, ఖాతా నంబరు పేస్టు చెయ్యనివ్వని స్క్రిప్టు నిక్షేపంగా పనిచేస్తూ ఉంటాయి. ప్రజలను అడ్డుకోవడానికి రాసిన కోడు మీద ఉన్న శ్రద్ధ వాళ్ల పని జరిపించే కోడు మీద లేదు.

కాబట్టి అడగాల్సింది టెండరు కాగితం దగ్గరే అడగాలి. ఫారం ముందు స్క్రిప్టు లేకుండా పనిచెయ్యాలి, అలంకారాలు తర్వాత. ఏ స్క్రిప్టు చచ్చినా పేజీ మౌనంగా ఉండకూడదు. ‘ఈ పేజీలో లోపం వచ్చింది, నంబరు ఫలానా’ అని తెలుగులో చెప్పాలి, అదే నంబరు సైటు నడిపేవాళ్లకూ చేరాలి. బ్రౌజరులో ఏ లోపం వచ్చినా పట్టి సర్వర్‌కు పంపడానికి నాలుగు వరసల జావాస్క్రిప్ట్ చాలు, జేక్వెరీ కూడా అక్కర్లేదు. గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2 నుంచి ఉన్నాయి. రోజూ ఎన్ని ఫారాలు మొరాయిస్తున్నాయో అక్కడి డిజిటల్ అసిస్టెంటుకంటే బాగా తెలిసినవాడు రాష్ట్రంలో లేడు. కన్సోల్‌లో కనిపించిన ఎర్ర వరస, బ్రౌజరు పేరు, ఫోను మోడలు, నొక్కిన సమయం ఈ నాలుగూ రాసి పంపడానికి అతనికి ఒక దారి చూపిస్తే ‘సైటు పనిచెయ్యడం లేదు’ అనే ఫిర్యాదు మీద పని చెయ్యడం కుదురుతుంది. ఇప్పుడు వచ్చే ఫిర్యాదుల్లో ఆ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు, జవాబుగా ‘మా దగ్గర బాగానే ఉంది’ అన్న మాటే తిరిగివస్తుంది.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. బ్రౌజరు బాధ కొంత తప్పినట్టే. కానీ ఎక్కడ పెట్టినా ఫారం ఫారమే. పేరు గడి, తేదీ గడి, జిల్లా గడి అక్కడా ఉంటాయి, వాటి వెనక తనిఖీలు ఎవరో ఒకరు రాస్తారు. కొత్త సేవ మొదలుపెట్టే ముందు ఆ మూడు గడులనూ సాలూరు, పాచిపెంట, మక్కువ మండలాల్లో పదిమంది చేత వాళ్ల సొంత ఫోన్లలో, తెలుగులో నింపించి, సర్వర్‌లో ఏం పడిందో సరిచూసుకోవడం ఐటీ శాఖకు ఒక్క రోజు పని.